గేటు దగ్గర కుక్క, లోపల దుఃఖం

అధ్యక్షులకు, సభకు నమస్కారం. సన్మానాలకే అరగంట గడిచింది కనుక ఉపోద్ఘాతం వదిలేస్తున్నాను. కరపత్రంలో నా అంశం ‘ఐరిష్ నవల’ అని వేశారు. జేమ్స్ జాయిస్ కోసం వచ్చినవారు మన్నించాలి, నేను ఐర్లండ్ నవలా రచయిత్రి మేరియన్ కీస్ గురించి మాట్లాడతాను.

ఈవిడ 1963లో లిమరిక్‌లో పుట్టారు. డబ్లిన్‌లో న్యాయశాస్త్రం చదివి, లండన్‌ వెళ్లి హోటల్లో వడ్డించారు, అకౌంట్ల ఆఫీసులో పనిచేశారు. తాగుడులో కూరుకుపోయి, 1994లో చికిత్స తీసుకుని బయటపడ్డారు. మరుసటి ఏడే తొలి నవల ‘వాటర్‌మెలన్’ వచ్చింది. అందులో క్లేర్ బిడ్డను కన్న రోజే భర్త వదిలేసి పోతాడు. ఆమె పసిగుడ్డుతో డబ్లిన్‌లోని పుట్టింటికి చేరుతుంది. ఆ నవల వచ్చేనాటికి ఐర్లండ్‌లో విడాకులకు చట్టమే లేదు! ఆ ఏడాది నవంబరులో ప్రజాభిప్రాయ సేకరణ జరిపితే విడాకుల హక్కు తొమ్మిది వేల చిల్లర ఓట్ల తేడాతో గట్టెక్కింది. అటువంటి దేశంలో భర్త వదిలేసిన ఆడమనిషి, తప్పంతా తనదేనేమోనని కుమిలిపోతూనే మనల్ని నవ్విస్తుంది. ఇది చిన్న విషయమా?

చిన్న విషయమే అన్నారు ఒక పెద్దాయన. ఒక సాహిత్య సభలో నా చేతిలో ఈవిడ పుస్తకం చూసి, “గులాబీరంగు అట్టలవి కూడా సాహిత్యమేనా అమ్మా?” అని అడిగారు. ఆడవాళ్ల కాలక్షేపం నవల అనుకున్నదానికి ప్రచురణకర్తలు వేసే రంగది. అట్ట వేసింది రచయిత్రి కాదు కదండీ! భార్య పోయిన మగవాడు మూడు వందల పేజీలు కిటికీలోంచి చూస్తూ కూర్చుంటే తాత్విక నవల. భర్త పోయిన ఆడది మర్నాడు ఉద్యోగానికి వెళ్తే కాలక్షేపం నవల. ఇదెక్కడి న్యాయం? చెప్పండి, వెనక వరుసలో అమ్మాయిలూ, మీరు చెప్పండి.

సరే, ఆ ఉద్యోగానికి వెళ్లినామె క్లేర్ చెల్లెలు ఆనా. 2006లో వచ్చిన ‘ఎనీబడీ అవుట్ దేర్?’ ఆమె కథ. ఒళ్లంతా దెబ్బలతో పుట్టింట్లో పడి ఉంటుంది. ఏం జరిగిందో రచయిత్రి చాలాసేపు చెప్పరు. న్యూయార్క్‌లో రోడ్డు ప్రమాదం. ఆమె బతికింది, భర్త ఏడన్ పోయాడు. తిరిగి వెళ్లి సౌందర్య సాధనాల ప్రచారం పనిలో చేరుతుంది. రోజూ పోయిన మనిషికి ఈమెయిళ్లు రాస్తుంది. గొంతు వినడానికి అతని ఫోనుకు చేస్తుంది. ఆత్మలతో మాట్లాడిస్తామనేవాళ్ల చుట్టూ తిరుగుతుంది.

ఇంత దుఃఖం మధ్యలో డబ్లిన్ నుంచి తల్లి ఈమెయిలు. దేని గురించి? ఎవరో ముసలావిడ తన కుక్కను తీసుకొచ్చి సరిగ్గా వీళ్ల గేటు ముందే దొడ్డికి కూర్చోబెడుతోందట! ఆ తల్లికి కూతురి బాధ తెలియక కాదు. ఓదార్చడం ఆమెకు అలాగే వచ్చు.

దుఃఖం మధ్యలో ఇలా నవ్వించడం రచయిత్రి కొత్తగా కనిపెట్టిన పద్ధతేమీ కాదు. ఐర్లండ్ పల్లెల్లో శవాన్ని ఇంట్లో ఉంచుకుని ఇరుగుపొరుగంతా రాత్రి జాగరణ చేసేవారు. పొగాకు, మద్యం, కథలు, మోటు సరసాలు, చివరికి ఆటలు కూడా. 17వ శతాబ్దం నుంచీ బిషప్పులు మళ్లీ మళ్లీ నిషేధించినా జనం మానలేదు. చావింట్లో నవ్వితే పోయినవారికి అవమానమని ఎవరు చెప్పారు మనకు?

అధ్యక్షులు గడియారం చూస్తున్నారు. ఈవిడ మరో నవల ‘రేచెల్స్ హాలిడే’ గురించి చెప్పాలనుకున్నాను, వ్యవధి లేదు. గులాబీ అట్ట పెద్దాయన ఇవాళ మూడో వరుసలోనే ఉన్నారు. అయ్యా, ఆనా కథ నా ప్రతి మీకిస్తాను. అట్టకు దినపత్రిక చుట్టి మరీ ఇస్తాను, బస్సులో ఎవరూ చూడరు.