సంతకం ఎవరు పెట్టాలి?

(చెన్నైలో తెలుగు అధ్యాపకుల సమావేశంలో ఒక విశ్రాంత కాలేజీ సూపరింటెండెంటు ప్రసంగ పాఠం)

అధ్యక్షులకూ, వేదిక మీది పెద్దలకూ నమస్కారం. పేరుపేరునా చెప్పబోతే నాకిచ్చిన పది నిమిషాలూ వాటికే చాలవు, మన్నించాలి. ‘కాలేజీల్లో నాయకత్వం’ మీద మాట్లాడమన్నారు. సర్వీసంతా కౌంటర్ వెనక కూర్చున్నవాణ్ణి. నాయకుడు వెళ్లిపోయిన మర్నాడు కౌంటర్ ముందు ఏం జరుగుతుందో మాత్రం చెప్పగలను.

ఈ నగరంలోనే ఒక ప్రైవేటు కాలేజీ, పేరడక్కండి. సెమిస్టర్ మధ్యలో ఒక శుక్రవారం ఇంటికెళ్లిన ప్రిన్సిపాల్‌గారు సోమవారం రాలేదు. యాజమాన్యం ‘వ్యక్తిగత కారణాలు’ అని ఊరుకుంది. బాధ్యత ఎవరిదో చెప్పలేదు. పదింటికల్లా కౌంటర్ దగ్గర జనం. ఒకబ్బాయికి బ్యాంకు లోనుకి, ఇక్కడే చదువుతున్నాడని బోనఫైడ్ సర్టిఫికెట్ కావాలి, ఒకమ్మాయికి టీసీ. స్కాలర్‌షిప్ పోర్టల్ తెరుద్దామంటే ఓటీపీ ఆయన సెల్లుకి పోతుంది, ఆయనేమో ఎత్తరు. ఆకుపచ్చ ఇంకు పెన్నూ రబ్బరు స్టాంపూ సొరుగులోనే ఉన్నాయి, ముట్టుకునే అధికారం ఎవరికీ లేదు. నెల్లూరు నుంచి రాత్రి బస్సులో వచ్చిన ఒక తండ్రి, “కాలేజీ మూసేస్తన్నారంట గదా సార్, మేం కట్టిన ఫీజు సంగతేంది?” అని నా మీదికొచ్చాడు. ఏం చెప్పను? ప్రిన్సిపాల్ మానేశారన్న కబురు నాకూ వాచ్‌మనే చెప్పాడు!

వెళ్లిపోవడం తప్పని నేననను. కట్టమంచి రామలింగారెడ్డిగారు, మద్రాసు క్రిస్టియన్ కాలేజీలో చదివినవారే, ప్రభుత్వ దమనకాండకు నిరసనగా 1930లో ఆంధ్ర విశ్వవిద్యాలయ వైస్ ఛాన్సలర్ పదవి వదిలేశారు. ఎందుకో లోకానికంతా తెలుసు. 1931లో ఆ పదవిలోకి సర్వేపల్లి రాధాకృష్ణన్‌గారొచ్చారు. 1936లో మళ్లీ రెడ్డిగారే, తలెత్తుకుని వచ్చారు. ఆయన గురించి ఇంకా చెప్పాలనే ఉంది గానీ, టైమైపోతోందని చీటీ వచ్చేసింది.

ఇక్కడ కరస్పాండెంట్లు, అంటే యాజమాన్యం తరఫున కాలేజీ చూసుకునేవాళ్లు, ఎంతమంది? చేతులెత్తండి. మొహమాటమెందుకండీ! మీ కాలేజీలో వైస్ ప్రిన్సిపాల్‌ని కాగితం మీద నియమించారా? ఏ కారణంగానైనా ప్రిన్సిపాల్ లేకపోతే ఆ అధికారాలు వైస్ ప్రిన్సిపాల్‌వేనని విశ్వవిద్యాలయ నిధుల సంఘం, అదే యూజీసీ, 2018 నిబంధనల్లోనే ఉంది. చాలాచోట్ల ఆ కుర్చీ ఖాళీ, జీతం పెంచాల్సొస్తుందని. మనిషి మానేసిన రోజునే ఆయన స్థానంలో ఎవరో రాసి నోటీసుబోర్డులో పెట్టండి. ఆఫీసువాళ్లకి ముందు చెప్పండి, తిట్లు తినేది వాళ్లే. పోర్టల్‌కి ఇచ్చిన సెల్ నంబరు కూడా ఆ రోజే మార్పించండి.

గంట కొట్టేశారు. ఇందాక చెయ్యెత్తని కరస్పాండెంట్లని భోజనాల దగ్గర పట్టుకుంటాను. నమస్కారం.