వెయ్యి లోపు రబ్బర్, మళ్ళీ బొంబాయి

స్వాతి: రికార్డింగ్ ఆన్ చేశా. అన్నా, ముందే చెప్తున్నా, ఇవాళ నీ బొంబాయి కథ వద్దు.

ప్రసాద్: నేనేం అన్లేదుగా! విషయం చెప్పు.

స్వాతి: టేబుల్ టెన్నిస్ బ్యాట్‌కి చవగ్గా వచ్చి బాగా ఆడే రబ్బర్లు. అందరూ అడుగుతున్నది ఇదే, వెయ్యి రూపాయల్లో ఏది కొనాలి అని.

ప్రసాద్: ఫ్రెండ్‌షిప్ 729. లేదా యిన్హే మెర్క్యురీ 2, అందులో మీడియం స్పాంజ్, అంటే రబ్బర్ కింద ఉండే స్పాంజ్ మరీ గట్టిది కాకుండా. మందం 2.0 మిల్లీమీటర్లు చాలు, అన్నిటికంటే లావుగా ఉండే మ్యాక్స్ జోలికి పోవద్దు. ఇంకా ఎక్కువ పెట్టగలిగితే యసాకా మార్క్ ఫైవ్, 1969 నుంచి అమ్ముడుపోతూనే ఉంది. టోర్నమెంట్ ఆడేవాళ్ళు రబ్బర్ కింది భాగంలో అంతర్జాతీయ సమాఖ్య ఐటీటీఎఫ్ గుర్తు ఉందో లేదో చూసుకోండి. అయిపోయింది, పద టీ తాగుదాం.

స్వాతి: ఇందుకే మనకి స్పాన్సర్లు రారు. ఉండు, ఒక నాన్నగారు మెసేజ్ పెట్టారు. పాప కోచింగ్‌లో చేరి ఇంకా ఏడాది కాలేదట. కోచ్ రెండు వైపులా టెనర్జీ వేయించమన్నాడట, అదే ఆ ఖరీదైన జపాన్ రబ్బర్.

ప్రసాద్: వేయించమను.

స్వాతి: ఏంటి?

ప్రసాద్: స్థోమత ఉంటే వేయించమంటున్నా. చవగ్గా దొరికే చైనా రబ్బర్ జిగటగా ఉంటుంది, స్పాంజ్ గట్టి. చెయ్యి పూర్తిగా తిప్పి కొడితేనే బంతి వెళ్తుంది. చిన్నపిల్లకి అంత బలం ఎక్కడిది? మణికట్టుతో విసరడం అలవాటవుతుంది, తర్వాత అది మానిపించడం నా వల్ల కాదు, నీ వల్ల కాదు.

స్వాతి: చవక రబ్బర్లన్నీ ఆ గట్టి చైనా రబ్బర్ హరికేన్ లాగే ఉంటాయా అన్నా? మెత్త స్పాంజ్‌వి లేవా? ఇప్పుడే నువ్వే మెర్క్యురీ అన్నావు! టెనర్జీ పెడితే ఆ పిల్ల బ్యాట్ ఊరికే తాకించినా బంతి అవతల గోడకి పోతుంది. భయపడి స్ట్రోక్ సగంలో ఆపేస్తుంది. అది మాత్రం చెడ్డ అలవాటు కాదా?

ప్రసాద్: అంటే... స్పీడ్ అనేది ఎప్పుడూ ఇంతే. 1952లో జపాన్ ఆటగాడు హిరోజీ సాతో లావుపాటి స్పాంజ్ బ్యాట్ పట్టుకుని...

స్వాతి: అన్నా!

ప్రసాద్: ...బొంబాయిలో ప్రపంచ ఛాంపియన్ అయ్యాడు. బంతి తగిలితే చప్పుడే లేదు. ఎదుటివాళ్ళు అప్పటిదాకా శబ్దాన్ని బట్టి కూడా ఆడేవాళ్ళు, పాపం.

స్వాతి: అవునూ, బంతి చప్పుడు లేదు, ఛాంపియన్. పాప సంగతి చెప్పు. ఆ టెనర్జీ షీట్ ఒక్కటి ఐదు వేలు దాటుతుంది. రెండు వైపులకీ లెక్క కట్టు.

ప్రసాద్: కోచ్ చెప్పాడు కదా, ఏదో కారణం ఉంటుంది.

స్వాతి: కారణం కమీషన్ కావచ్చు. (నవ్వట్లేదు) నా విషయంలో అలాగే జరిగింది. నాకు నేర్పినాయన ఒక దుకాణం పేరు చెప్పి అక్కడే కొనమనేవాడు. మా నాన్న అప్పు చేసి కొన్నాడు. ఇక మార్చడం అనే మాటే లేదు. రోజూ రాత్రి తడి స్పాంజ్‌తో తుడిచి, ప్లాస్టిక్ షీట్ వేసి, దేవుడి పటంలా గూట్లో పెట్టేవాడు. మధ్యలో నున్నగా అయిపోయి బంతి జారిపోతున్నా నేను చెప్పలేదు. ఎలా చెప్తాను?

ప్రసాద్: ...నాకెప్పుడూ చెప్పలేదు ఇది.

స్వాతి: సందర్భం రాలేదు.

ప్రసాద్: సరే. నా మాట మార్చుకుంటున్నా. చచ్చిపోయిన టెనర్జీ కంటే కొత్త 729 నయం. ఖరీదైనది ఒకటి కొని ఏళ్ళ తరబడి లాగడం కంటే, చవకది కొని పట్టు పోగానే మార్చుకోండి. ఆ డబ్బుతో నాలుగైదుసార్లు మార్చొచ్చు.

స్వాతి: అదీ మాట. పట్టు పోయిందో లేదో ఎలా తెలుస్తుంది?

ప్రసాద్: బంతిని రబ్బర్ మీద నొక్కి పక్కకి లాగు. అంచు దగ్గర పట్టుకుని మధ్యలో జారితే దాని పని అయిపోయినట్టే.

స్వాతి: ఇంకో ప్రశ్న. స్పాంజ్ గట్టిదనం హరికేన్‌కి 39 డిగ్రీలు, జర్మన్ రబ్బర్‌కి 45 డిగ్రీలు అని రాస్తారు, అంటే హరికేనే మెత్తనా అని.

ప్రసాద్: కాదు బాబోయ్. కొలిచే పద్ధతులే వేరు. ఆ 39 ఈ 45 కంటే గట్టిగా ఉంటుంది. చైనా అంకెని చైనా అంకెతోనే పోల్చండి.

స్వాతి: చైనా ఛాంపియన్ మా లాంగ్ ఫోర్‌హ్యాండ్‌కి వాడింది హరికేనేగా, నాకెందుకు పనికిరాదు అనేవాళ్ళకి?

ప్రసాద్: జాతీయ జట్టుకిచ్చే షీట్ వేరు, మనకి దొరికేది వేరు. పైగా ఆయన కాళ్ళు వేరు. అసలు ఈ స్పాంజ్ మందం పంచాయితీ అంతా బొంబాయి తర్వాతే! 1959లో నిబంధన పెట్టారు, గమ్‌తో కలిపి రబ్బర్ మొత్తం నాలుగు మిల్లీమీటర్లు దాటకూడదని...

స్వాతి: రెండోసారి. ఫైన్ వంద.

ప్రసాద్: విజయవాడ ఫైన్ నువ్వింకా కట్టలేదు.

స్వాతి: అది సీలింగ్ ఫ్యాన్ తప్పు! సరే, రబ్బర్ అంటించే గమ్ గురించి గబగబా చెప్పు, టేబుల్ ఖాళీ అవుతోంది.

ప్రసాద్: నీళ్ళ గమ్, అంటే వాటర్ బేస్డ్‌ది, వాడండి. స్పాంజ్ మీద రెండు పల్చటి పూతలు, చెక్క మీద ఒకటి. తెల్లదనం పోయి పారదర్శకంగా అయ్యాకే అంటించాలి. తొందరపడితే బుడగలొస్తాయి. రోలర్ కొనక్కర్లేదు, అప్పడాల కర్ర చాలు.

స్వాతి: వదిన చపాతీలు చేసేదా?

ప్రసాద్: కడిగి పెట్టేస్తాలే. తనెలాగూ మన ఎపిసోడ్లు వినదు.

స్వాతి: పోయిన వారం విని నాకు ఫోన్ చేసింది.

ప్రసాద్: ఏయ్, ఇదంతా కట్ చెయ్యి. స్వాతీ, కట్ చేస్తావుగా?