మన బాధ థెరపిస్టుకి అర్థం కావాలంటే వాళ్ళకి ఏం నేర్పించాలి?

[స్క్రీన్ మీద: సియాటిల్, 1977]

అందరికీ నమస్తే. ముందు ఒక లెక్క చెప్తా. 1977లో స్టాన్లీ సూ అనే సైకాలజిస్టు అమెరికాలోని సియాటిల్ ఏరియాలో 17 మెంటల్ హెల్త్ సెంటర్ల రికార్డులు తిరగేశాడు. నల్లజాతి వాళ్ళు, ఆసియా వాళ్ళు, ఇలా మైనారిటీ పేషెంట్లలో దాదాపు సగం మంది మొదటి సెషన్ అయ్యాక మళ్ళీ ఆ గుమ్మం తొక్కలేదు, తెల్లవాళ్ళలో అలా మానేసింది 30 శాతం దాకా. అంటే ఎంతో ధైర్యం చేసి సాయం కోసం వచ్చిన మనిషి ఒక్క గంట మాట్లాడి, "వీళ్ళకి నా గోడు అర్థం కాదులే" అని వెళ్ళిపోయాడన్నమాట. నాకైతే ఈ లెక్క చదివిన ప్రతిసారీ బాధేస్తుంది.

మరి వేరే సంస్కృతి నుంచి వచ్చిన మనిషిని అర్థం చేసుకోవడానికి థెరపిస్టులకి ఏం నేర్పిస్తే ఇది మారుతుంది?

మొదట్లో చాలా చోట్ల చేసింది ఏంటంటే లిస్టులు ఇచ్చారు. ఆసియా వాళ్ళు ఇలా ఉంటారు, లాటినో వాళ్ళు, అంటే లాటిన్ అమెరికా మూలాలున్న వాళ్ళు, అలా ఉంటారు, ఇది చదువుకోండి అని. ఇది ఎంత దూరం పోయిందో చూడండి. 1998లో మెలనీ టెర్వలోన్, జాన్ మరే-గార్సియా అనే ఇద్దరు డాక్టర్లు ఒక వ్యాసంలో ఒక సంఘటన రాశారు. ఆపరేషన్ అయి కొన్ని గంటలైన ఒక లాటినా ఆవిడ నొప్పితో మూలుగుతోంది. అక్కడికొచ్చిన డాక్టరు, ఆయనా లాటినోనే, "ఈవిడకి చాలా నొప్పిగా ఉన్నట్టుందే" అంటే, నర్సు ఏమందంటే, నేను కల్చర్ మీద కోర్సు చేశాను, ఈ జాతి వాళ్ళు నొప్పిని ఎక్కువ చేసి చూపిస్తారు అంది. కోర్సు చేసిందే, దాని వల్లే ఎదురుగా ఉన్న మనిషి నొప్పి కనపడకుండా పోయింది!

అందుకే వాళ్ళిద్దరూ "కల్చరల్ హ్యుమిలిటీ" అనే మాట ముందుకి తెచ్చారు. పేషెంటు సంస్కృతి నాకు తెలుసు అనుకోకు, అడుగు, విను, నీ అలవాట్లనీ నీకున్న పవర్‌నీ జీవితాంతం చెక్ చేసుకుంటూ ఉండు. నా ఉద్దేశంలో ఈ ట్రైనింగ్ మొత్తానికీ పునాది ఇదే.

[స్క్రీన్ మీద: 16 ప్రశ్నలు]

సరే, అడగమన్నారు, ఏం అడగాలి? దీనికి 2013లో డీఎస్ఎమ్-5 అనే, మానసిక జబ్బుల్ని గుర్తించడానికి డాక్టర్లు వాడే పుస్తకంతో పాటు ఒక టూల్ వచ్చింది, కల్చరల్ ఫార్ములేషన్ ఇంటర్వ్యూ, షార్ట్‌గా సీఎఫ్ఐ. మొత్తం 16 ప్రశ్నలు, ఇండియాతో కలిపి ఆరు దేశాల్లో ట్రయల్ చేశారు. మీ ఇబ్బందిని ఇంట్లో వాళ్ళకి ఎలా చెప్తారు, ఇది మీకు ఎందుకొచ్చిందనుకుంటున్నారు, ఇప్పటిదాకా ఎవరెవరి దగ్గరికి వెళ్ళారు, ఇలా ఉంటాయి. ఈ "ఎవరెవరి దగ్గరికి" అన్నదాంట్లో దర్గా, భూతవైద్యుడు, జాతకం చెప్పే ఆయన అందరూ వస్తారు, అక్కడ థెరపిస్టు మొహం చిట్లించకూడదు.

కాగితం మీద ఈజీగానే ఉంటుంది. నేర్చుకోవడం మాత్రం రోల్‌ప్లేలోనే, అంటే ఒకరు పేషెంటుగా, ఒకరు థెరపిస్టుగా నటించి చూడటంలోనే. ఉదాహరణకి న్యూజెర్సీలో కొడుకు దగ్గరికి వచ్చిన ఒక తెలుగు పెద్దావిడ కేసు అనుకుందాం. థెరపీ నేర్చుకుంటున్న ట్రైనీ అమెరికన్, మధ్యలో మాటలు అనువదించే ఇంటర్‌ప్రెటర్.

ఆవిడ: "తలంతా భారంగా ఉంటోందమ్మా, కాళ్ళు చేతులు లాగుతున్నాయి, ఒంట్లో ఓపిక లేదు."

ట్రైనీ: "మనసులో దిగులుగా ఉంటోందా?"

ఆవిడ: "దిగులెందుకమ్మా, కొడుకు కోడలు బంగారంలా చూసుకుంటారు."

ట్రైనీ నోట్స్‌లో "డిప్రెషన్ లేదు" అని రాసేస్తుంది. ఇక్కడ ట్రైనింగ్ ఇచ్చే సూపర్‌వైజర్ రోల్‌ప్లే ఆపి, పెన్ను పక్కన పెట్టి ఇంకోలా అడగమంటారు. ఈసారి ట్రైనీ, "ఈ నొప్పుల గురించి ఊళ్ళో మీ వాళ్ళకి ఏమని చెప్తారు?" అంటుంది.

ఆవిడ: "మా చెల్లెలికి ఫోన్‌లో చెప్తుంటా. పొద్దున అందరూ వెళ్ళిపోతే సాయంత్రం దాకా పలకరించే మనిషి ఉండడే, టీవీ పెట్టుకుని కూర్చుంటా, అన్నం కూడా సహించట్లేదే అని."

చూశారా, అదే మనిషి, ప్రశ్న మారింది అంతే. "దిగులుందా" అని సూటిగా అడిగితే కొడుకు మీద చాడీ చెప్పినట్టవుతుందని ఆవిడ భయం, ఆ భయం ఉండొచ్చని ఊహించడం కూడా ట్రైనింగ్‌లో భాగమే. ఇంకోటి, ఇంటర్‌ప్రెటర్‌గా కొడుకుని కూర్చోబెట్టకూడదు. సెషన్‌కి ముందు ఇంటర్‌ప్రెటర్‌తో ఒక ఐదు నిమిషాలు మాట్లాడుకోవాలి, చూపు పేషెంటు వైపే ఉండాలి, ఆవిడ రెండు నిమిషాలు చెప్పింది ఒక్క ముక్కలో తేల్చేస్తే మిగతాది కూడా చెప్పమని అడగాలి.

[స్క్రీన్ మీద: ట్రైనీ సొంత వంశవృక్షం, రంగులతో]

ఇప్పుడు కష్టమైన భాగం. పేషెంటు గురించి ఎంత నేర్చుకున్నా, తన సంస్కృతి థెరపిస్టుకి తనకే కనపడదు. ముప్పై ఏళ్ళ అబ్బాయి రోజూ అమ్మకి ఫోన్ చేసి అన్నీ అడిగి చేస్తున్నాడంటే అమెరికాలో పెరిగిన ట్రైనీకి అదే జబ్బులా కనిపించొచ్చు, "మీ అమ్మకి కాస్త దూరం పాటించు" అని సలహా ఇచ్చేయొచ్చు. ఆ అబ్బాయికేమో ఆ ఫోనే ఆధారం. దీనికోసం 1995లో కెనెత్ హార్డీ, ట్రేసీ లాస్‌లాఫీ ఒక పద్ధతి రాశారు, కల్చరల్ జీనోగ్రామ్. ట్రైనీలు తమ వంశవృక్షం గీసి, ఏ మూలం నుంచి ఏం వచ్చిందో రంగులు వేసి, మా వాళ్ళు దేనికి గర్వపడతారు, దేనికి సిగ్గుపడతారు అని గుర్తులు పెట్టి అందరి ముందు వివరించాలి. గొంతు పెగలదు కొందరికి. కానీ ఇది చేయకుండా మిగతావన్నీ నేర్పించడం దండగ అని నేను గట్టిగా నమ్ముతా.

ఇదంతా ఫారిన్ గొడవ అనుకోకండి. హైదరాబాద్‌లో కూర్చున్న థెరపిస్టు దగ్గరికి పాతబస్తీ నుంచి ఉర్దూ మాట్లాడే ఆవిడ వస్తారు, ఆదిలాబాద్ నుంచి గోండు కుర్రాడు వస్తాడు. మన దగ్గర అన్నిటికంటే ఎక్కువ మాట్లాడాల్సింది కులం గురించి, తక్కువ మాట్లాడేది కూడా దాని గురించే. మామూలుగా "మీ ఇంటిపేరేంటి" అని అడగ్గానే బిగుసుకుపోయే స్టూడెంట్ ఉంటాడు, ఎందుకంటే ఆ ప్రశ్న తర్వాత ఏమొస్తుందో హాస్టల్లో, అద్దె ఇంటి దగ్గర వాడు చూసే ఉన్నాడు. క్లాసులో నన్ను వేరుగా చూస్తున్నారని వాడు చెప్తే "నువ్వు ఎక్కువ ఆలోచిస్తున్నావ్" అనేసే థెరపిస్టు, వాడి జబ్బుని ఇంకో మెట్టు పెంచి పంపినట్టే. అగ్రకులం నుంచి వచ్చిన ట్రైనీ ఈ మాట అనకుండా ఉండాలంటే తన కులం తనకేం ఇచ్చిందో ముందు తన జీనోగ్రామ్‌లో రాసుకోవాలి, సూపర్‌వైజర్ ముందు దాని గురించి మాట్లాడాలి. మన సిలబస్‌లలో దీనికి సరైన గంటలు కేటాయించాలి, ఏడాదికి ఒక వర్క్‌షాప్ పెట్టి సర్టిఫికెట్ ఇస్తే సరిపోదు.

సైకాలజీ చదివే వాళ్ళెవరైనా చూస్తుంటే, సీఎఫ్ఐ ప్రశ్నలు అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ సైట్‌లో ఫ్రీగానే ఉన్నాయి. పేషెంట్ల దగ్గరికి వెళ్ళే ముందు ఇద్దరు ఫ్రెండ్స్ కూర్చుని ఒకరినొకరు తెలుగులో ఆ పదహారూ అడిగి చూడండి, ఎక్కడ నోరు తడబడుతుందో రాసుకుని మీ సూపర్‌వైజర్‌కి చూపించండి.