ఆ మెసేజ్ పంపింది అతనేనా?

(నల్లటి తెర. మధ్యలో ఒకే ఒక్క లైను: "10:42. యూజర్ 1187, యూజర్ 1203కి మెసేజ్ పంపారు.")

ఈ ఒక్క లైను చూసి మా కాలేజీలో 1187 నంబరున్న కుర్రాడిని సస్పెండ్ చేసేంత పని చేశారు. ఉదయం 10:42కి అతను కంప్యూటర్ ముందే ఉన్నాడు. ల్యాబ్ రిజిస్టర్‌లో సంతకం కూడా ఉంది. అయినా ఆ మెసేజ్ పంపింది అతను కాదు.

(కెమెరా ముందు నేను.)

నేను విజయనగరం దగ్గర ఒక కాలేజీలో ఆన్‌లైన్ క్లాసుల సిస్టమ్ చూసుకుంటాను. ఏ కాలేజీ అని అడక్కండి. మేం వాడేది మూడుల్. అసైన్‌మెంట్లు, క్విజ్‌లు, మార్కులు అన్నీ అందులోనే. దానిలో ఒకరికొకరు మెసేజ్ పంపుకునే వీలు కూడా ఉందని చాలామంది లెక్చరర్లకే తెలీదు. పిల్లలకి మాత్రం బాగా తెలుసు.

ఒక సాయంత్రం సెకండియర్ అమ్మాయి మా గది గుమ్మం దగ్గర నిలబడింది. రమ్మన్నా లోపలికి రాలేదు. ఫోన్ నా చేతికిచ్చి తల తిప్పుకుంది. స్క్రీన్‌షాట్‌లో ఉన్న మాటలు ఇక్కడ చెప్పను.

"అసలు మెసేజ్ ఉందా అమ్మా?"

"డిలీట్ చేసేశాను సార్. చూస్తుంటే ఒళ్లంతా కంపరమేసింది."

డిలీట్ చేశాం కదా, ఇంకేం ఫిర్యాదు చేస్తాం అని చాలామంది ఇక్కడే ఆగిపోతారు. ఆగక్కర్లేదు. మూడుల్‌లో మెసేజ్ తీసేస్తే మీ కంటికి కనబడదు, అంతే. డేటాబేస్‌లో ఆ మెసేజ్ అలాగే ఉంటుంది. దాన్ని ఎవరు, ఎప్పుడు తీసేశారో అదనంగా ఇంకో టేబుల్‌లో నమోదవుతుంది.

(తెర మీద లాగ్ టేబుల్, అంటే ఎవరు ఎప్పుడు ఏం చేశారో సిస్టమ్ తనే రాసుకునే చిట్టా. ఒక్కో గడి వెలుగుతుంది: టైమ్, యూజర్, జరిగిన పని, ఆరిజిన్, ఐపీ అడ్రస్.)

ముందు టైమ్ గడి చూడండి. డేటాబేస్ నుంచి నేరుగా తీసిన షీట్‌లో 10:42 అని ఉంది. ఆ షీట్ నా కంటే ముందు ఫిర్యాదు చూసే కాలేజీ కమిటీ చేతికి వెళ్లింది. రిజిస్టర్ తీశారు, 10:42కి అతను ల్యాబ్‌లోనే ఉన్నాడు, ఇంకేం కావాలి అన్నారు. మా సర్వర్ అద్దెకు తీసుకున్నది, దాని గడియారం యూటీసీలో, అంటే ప్రపంచ ప్రామాణిక సమయంలో నడుస్తుంది. మన టైమ్ రావాలంటే 5 గంటల 30 నిమిషాలు కలపాలి. అంటే మెసేజ్ వెళ్లింది సాయంత్రం 4:12కి.

"నాకేటి తెలీదు సార్, ఆ టైముకి బస్సులో ఉన్నాను" అన్నాడు కుర్రాడు. వాళ్లది గజపతినగరం అవతల పల్లె. టికెట్ చూపించమంటే ఏం చూపిస్తాడు? స్టూడెంట్ బస్ పాస్ మీద టైమ్ ఉండదు కదా.

టికెట్ లేకపోయినా లాగ్ ఉంది. నాకు మిగతా అన్నింటికంటే నచ్చిన భాగం ఇదే.

(తెర మీద యూజర్ 1187 పేరిట ఆ రోజు లైన్లన్నీ, మన టైమ్‌లోకి మార్చినవి.)

ఉదయం 10:05కి "లాగిన్ అయ్యారు" అని ఉంది. తర్వాత క్విజ్, నోట్స్. 11:20 తర్వాత ఏమీ లేదు. ఆ తర్వాత 4:12కి ఒక్కసారిగా "మెసేజ్ పంపారు". మధ్యలో కొత్తగా లాగిన్ అయిన లైను లేదు. అంటే 4:12కి ఎవరూ పాస్‌వర్డ్ కొట్టలేదు. ఉదయం తెరిచిన అకౌంట్ ఎక్కడో అలాగే తెరిచి ఉంది. మేం సెషన్ గడువు, అంటే ఎవరూ వాడకపోయినా అకౌంట్ తెరిచి ఉండే సమయం, 8 గంటలు పెట్టాం. కుర్రాడు బ్రౌజర్ మూయకుండా, లాగౌట్ కొట్టకుండా లేచి వెళ్లిపోయాడు.

మెసేజ్ ఏ దారిలో వెళ్లిందో చెప్పే ఆరిజిన్ గడిలో "వెబ్" అని ఉంది. మొబైల్ యాప్ నుంచి వెళ్లుంటే అక్కడ "డబ్ల్యూఎస్" అని ఉండేది. అంటే బ్రౌజర్ నుంచే వెళ్లింది.

ఇక ఐపీ అడ్రస్, అంటే ఇంటర్నెట్‌లో కనెక్షన్‌కి ఉండే నంబరు. సినిమాల్లో ఐపీ దొరకగానే జీపు బయల్దేరుతుంది. మా లాగ్‌లో దొరికింది మా కాలేజీ ఐపీనే! క్యాంపస్‌లో ఉన్న కంప్యూటర్లన్నీ బయటికి ఒకే నంబరుతో కనిపిస్తాయి. లోపల ఏ మెషీన్ అన్నది, కాలేజీ నెట్‌కి కాపలా కాసే ఫైర్‌వాల్ లాగ్ చెప్పాలి. అందులో 4:12కి మూడుల్ సర్వర్‌తో మాట్లాడిన లోపలి నంబర్లు వెతికితే, ఆ సెకనుకి కలిసింది ఒక్కటే. ల్యాబ్‌లో 17వ సిస్టమ్. ఉదయం కుర్రాడు కూర్చున్నదీ దాని ముందే.

ఇక్కడ మా తప్పు ఒకటి చెప్పాలి. మా ఫైర్‌వాల్ లాగ్ ఏడు రోజులే దాస్తోంది, ఆ తర్వాత పాతదాని మీదే రాసేస్తుంది. అమ్మాయి వచ్చింది ఐదో రోజు. ఇంకో మూడు రోజులు సిగ్గుపడి ఆగి ఉంటే 17వ సిస్టమ్ సంగతి ఎప్పటికీ తెలిసేది కాదు. నిజానికి కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాల ప్రకారం లాగ్‌లు 180 రోజులు ఉంచాలి. మీ కాలేజీలో ఎన్ని రోజులు ఉంచుతున్నారో ఒకసారి అడిగి చూడండి.

మెసేజ్ మొబైల్ డేటా నుంచి వచ్చి ఉంటే కథ వేరు. టెలికం కంపెనీలు ఒకే ఐపీవీ4 (పాత తరహా ఐపీ) నంబరును ఒకేసారి ఎంతోమందికి పంచుతాయి. పోర్ట్ నంబరు (ఒక్కో కనెక్షన్‌ను విడిగా గుర్తించేది), కచ్చితమైన సెకను ఉంటే తప్ప మనిషిని విడదీయలేరు. మూడుల్ లాగ్‌లో పోర్ట్ ఉండదు. పైగా ఆ వివరాలు కాలేజీ అడిగితే కంపెనీ ఇవ్వదు, పోలీసులు అడగాలి. ఇప్పుడైతే సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన బీఎన్‌ఎస్‌ఎస్ 94వ సెక్షన్ కింద.

(కెమెరా ముందు నేను.)

అమ్మాయి వాళ్ల నాన్నగారు వచ్చారు. ఎవరో ఆయనకి "66ఏ పెట్టండి" అని చెప్పారట. ఐటీ చట్టంలోని ఆ సెక్షన్‌ను సుప్రీంకోర్టు 2015 మార్చి 24న, శ్రేయా సింఘాల్ కేసులోనే కొట్టేసింది. అయినా ఊళ్లో అందరి నోటా అదే. అసభ్యమైన మెసేజ్‌కి ఐటీ చట్టం 67 ఉంది. స్త్రీ గౌరవానికి భంగం కలిగించే మాటలకి, ఐపీసీ స్థానంలో వచ్చిన బీఎన్‌ఎస్ 79 ఉంది. వద్దన్నా వెంటపడి మెసేజ్‌లు పెడుతుంటే బీఎన్‌ఎస్ 78. ఇంకొకరి పాస్‌వర్డ్ మోసంతో వాడితే ఐటీ చట్టం 66సీ.

స్క్రీన్‌షాట్ ఉంది కదా అని కోర్టు దగ్గర ధీమాగా ఉండలేం. లాగ్‌ను సాక్ష్యంగా ఇవ్వాలంటే భారతీయ సాక్ష్య అధినియమ్ 63వ సెక్షన్ ప్రకారం సర్టిఫికెట్ కావాలి. అందులో ఫైల్ హ్యాష్ విలువ, అంటే ఫైల్‌కి వేలిముద్ర లాంటి సంఖ్య, రాయాలి. ఫైల్‌లో ఒక్క అక్షరం మారినా ఆ విలువ మారిపోతుంది. అందుకే నేను షీట్‌ను ఎక్సెల్‌లో తెరిచి రంగులు వేయకుండా, ముందు హ్యాష్ తీసి రాసుకున్నాను. రంగులు వేసింది కాపీ మీద.

17వ సిస్టమ్ దగ్గర ఆ సాయంత్రం కూర్చున్నది ఎవరో లాగ్ చెప్పదు. అది వరండాలో కెమెరా, మధ్యాహ్నం బ్యాచ్ సీటింగ్ చార్ట్ చెప్పాయి. పేరు నేను చెప్పను. ఫైల్ ఇప్పుడు పోలీసుల దగ్గరుంది.

గజపతినగరం కుర్రాడిని మొదటి రోజే సెక్షన్ వాట్సాప్ గ్రూప్ నుంచి తీసేశారు. మళ్లీ చేర్చడానికి మూడు వారాలు పట్టింది. చేర్చినవాళ్లెవరూ సారీ చెప్పలేదు.

సెషన్ గడువు అరగంటకి తగ్గించాను. నోట్స్ చదువుతుంటే మధ్యలో లాగౌట్ అయిపోతోందని రోజూ నాకే ఫోన్లు.