పల్లేరు కాయ, పిట్ట ముక్కు

శ్రోతలకు నమస్కారం. జీవ పరిణామం మాట ఎత్తగానే 'మనిషి కోతి నుంచి వచ్చాడంటారు, మరి కోతులు ఇంకా ఎందుకున్నాయి?' అని ఎవరో ఒకరు అడుగుతారు. పెదనాన్న పిల్లలు ఉన్నారు, మరి నువ్వెందుకున్నావు అన్నట్టుంటుంది ఆ ప్రశ్న. ఇప్పటి కోతులకూ మనకూ ఎప్పుడో ఉమ్మడి పూర్వీకులున్నారు, అంతే. దాన్ని పక్కన పెట్టి ఇవాళ ఓ పిట్ట సంగతి చెప్తాను.

పసిఫిక్ సముద్రంలో గాలపాగోస్ దీవులున్నాయి, పరిణామ సిద్ధాంతం చెప్పిన డార్విన్ 1835లో వెళ్లినవే. వాటిలో డాఫ్నే మేజర్ అనేది ఓ చిన్న రాతి దీవి. పీటర్ గ్రాంట్, రోజ్‌మేరీ గ్రాంట్ అనే దంపతులు 1973 నుంచి ఏళ్ల తరబడి అక్కడికి వెళ్లి, ఫించ్ అనే చిన్న పిట్టల్ని వల వేసి పట్టి, కాళ్లకు గుర్తులు తొడిగి, ముక్కులు కొలిచి వదిలేసేవాళ్లు. ఇదేం పని అనిపిస్తుంది, కానీ ఆ కొలతలు ఉండబట్టే 1977లో జరిగింది కళ్లకు కట్టింది.

ఆ ఏడు వానల్లేవు. చిన్న మెత్తటి గింజలు ముందే అయిపోయాయి, మిగిలినవాటిలో ముఖ్యమైనవి పల్లేరు జాతి కాయలు, అంటే ముళ్లూ, రాయిలాంటి పెంకూ. మందపాటి ముక్కున్న పిట్ట దాన్ని పట్టి, మెలితిప్పి, పెంకు పగలగొట్టి గింజ లాక్కుంటుంది. సన్నముక్కు పిట్టకు అది కొరుకుడు పడదు. చచ్చినవాటికీ బతికినవాటికీ ముక్కు మందంలో సగటు తేడా అర మిల్లీమీటరు అటూ ఇటూ, అంతకు మించి లేదు! వెయ్యికి పైగా ఉన్న పిట్టల్లో రెండు వందలు కూడా మిగల్లేదు. ముక్కు మందం వారసత్వంగా వచ్చేదే కాబట్టి, మరుసటి ఏడు పుట్టిన పిల్లల ముక్కులు కరువుకు ముందటి వాటికన్నా సగటున సుమారు 4 శాతం మందంగా తేలాయి.

ఆకలేసి ముక్కు పెంచుకున్నాయని చాలామంది అనుకుంటారు. ఒక్క పిట్ట ముక్కు కూడా అలా పెరగలేదండీ, సన్నముక్కువి ఎక్కువగా పోయాయి కాబట్టి గుంపు సగటు మారింది. దీన్నే ప్రకృతి వరణం అంటారు. మరి అసలు ఆ తేడాలు ఎక్కడివంటే, డీఎన్ఏకి నకలు తీసేటప్పుడు పడే పొరపాట్లు, అవే మ్యుటేషన్లు, వాటికి తోడు తల్లీతండ్రీ జన్యువులు పిల్లల్లో కొత్త కొత్తగా కలవడం. రేపు కరువొస్తుందని మ్యుటేషన్‌కి తెలీదు, అది ఊరికే జరిగిపోతుంది.

అన్నిసార్లూ సత్తా ఉన్నదే బతుకుతుందనీ కాదు. ఉత్తర ఏనుగు సీళ్లని సముద్రంలో బతికే పెద్ద జంతువులున్నాయి, వాటిని నూనె కోసం వేటాడి, 19వ శతాబ్దం చివరికి పదుల్లోకి తెచ్చేశారు. ఇప్పుడు లక్షకు పైగా ఉన్నాయి, కానీ జన్యువుల్లో వైవిధ్యం చాలా తక్కువ. ఆ కాసిన్నీ మిగలడంలో అదృష్టం పాలే ఎక్కువ.

మళ్లీ మన పిట్టల దగ్గరికొస్తే, 1983లో ఎల్ నినో, అంటే పసిఫిక్ నీళ్లు మామూలుకన్నా వేడెక్కడం వల్ల, వానలు దంచికొట్టాయి, దీవంతా తీగలు అల్లుకుని చిన్న గింజలు కుప్పలు పడ్డాయి. తర్వాత మళ్లీ కరువొచ్చింది. పెద్ద ముక్కుతో చిన్న గింజలు ఏరుకోవడం తిప్పలే కదా, ఈసారి చిన్న ముక్కు పిట్టలే ఎక్కువ బతికాయి.