పాలసీ తీసుకుంటే విశ్వాసం లేనట్టేనా? రెండు దేనారాల లెక్క

అందరికీ వందనాలు. దేవరకొండ నుంచి మాట్లాడుతున్నాను.

ఈ వీడియో అసలు అనుకున్నది కాదు. పోయిన ఆదివారం ఆరాధన అయ్యాక చెప్పులేసుకుంటుంటే ఒక అన్న దగ్గరికొచ్చి, "తమ్ముడూ, అమ్మకు హెల్త్ పాలసీ కట్టినవంట. స్వస్థపరచే దేవుడు ఉండగా పాలసీ ఎందుకు? అవిశ్వాసం కాదా?" అన్నాడు. ఈ మాట వినడం నాకిది పదోసారో, పదకొండోసారో. "మరి నీ బండికి ఇన్సూరెన్స్ ఉంది కదన్నా" అన్నాను. "అది లేకపోతే పోలీసులు ఆపుతరు కదా" అన్నాడు. అంటే బండికి పోలీసుల భయం, ఒంటికి మాత్రం విశ్వాసం. సరే, కూర్చుని మాట్లాడుకుందాం.

(స్క్రీన్ మీద: లూకా 10:34, 35)

మంచి సమరయుని కథ మీకు తెలుసు: యెరికో దారిలో దొంగలు కొట్టి పడేసిన మనిషిని యాజకుడు, లేవీయుడు చూసి పక్కగా పోతే, సమరయుడు ఆగి ఆదుకున్నాడు. మనం ప్రసంగాల్లో దొంగల దగ్గర, యాజకుడి దగ్గర, లేవీయుడి దగ్గర ఆగుతాం. సమరయుడు గాయాలు కట్టగానే ఆమెన్ అంటాం. నాకు నచ్చే చోటు ఆ తర్వాత ఉంది: పూటకూళ్ళవాని ఇల్లు, అంటే సత్రం. మరునాడు సమరయుడు రెండు దేనారాలు తీసి ఆ సత్రంవాడికి ఇస్తాడు. ఇతన్ని చూసుకో, ఇంకా ఏమైనా ఖర్చయితే నేను తిరిగి వచ్చినప్పుడు తీరుస్తాను అంటాడు. ఆ రోజుల్లో ఒక దేనారం ఒక కూలీకి రోజు కూలి, అది మత్తయి 20లో ఉంది. అంటే రెండు రోజుల కూలి అడ్వాన్స్, మిగతా బిల్లుకు మాట. ఆసుపత్రిలో అడ్మిషన్ కౌంటర్ దగ్గర నిలబడ్డవాళ్ళకు ఈ సీను కొత్త కాదు. బీమా కంపెనీ ఆసుపత్రికి ముందు కొంత మంజూరు చేయడం, ఖర్చు పెరిగితే ఆసుపత్రి మళ్ళీ అడగడం. ఇప్పుడు దాన్ని క్యాష్‌లెస్ అంటున్నాం.

ఇంకో సంగతి. నాలుగు సువార్తల్లో ఈ కథ ఒక్క లూకాలోనే ఉంది. లూకా ఎవరు? పౌలు కొలొస్సయులకు రాసిన ఉత్తరంలో ఆయన్ను ప్రియమైన వైద్యుడు అంటాడు. గాయాల మీద నూనె, ద్రాక్షారసం పోశాడని రాసింది వైద్యుడే! ఆ నూనె, ఆ ద్రాక్షారసం అప్పటికప్పుడు దారిలో దొరికాయా? సంచిలో పెట్టుకునే బయలుదేరాడు. సంచిలో మందు ఉన్నవాడికి విశ్వాసం లేదని యేసు అనలేదు. నువ్వూ వెళ్ళి అలాగే చెయ్ అన్నాడు.

మన పాలమూరు, నల్గొండ సంఘాలకు ఈ మాట మరీ చెప్పాలి. మన తాతలకు సువార్త తెచ్చిన మెన్నొనైట్ (ఒక ప్రొటెస్టెంట్ క్రైస్తవ శాఖ) మిషనరీలు ఒక చేత్తో బైబిలు, ఇంకో చేత్తో మందుల పెట్టె పట్టుకొచ్చారు. కాథరినా షెల్లెన్‌బర్గ్ అనే డాక్టరమ్మ 1907లో ఇక్కడికొచ్చి, 1945లో షంషాబాద్‌లో చనిపోయింది. జడ్చర్లలో మెన్నొనైట్ బ్రదరెన్ ఆసుపత్రి పెట్టింది కూడా ఆ మిషనే. మందు ముట్టుకోకపోవడమే విశ్వాసం అనే బోధ ఎక్కడి నుంచి వచ్చిందో కానీ, వాళ్ళ దగ్గర నుంచి మాత్రం రాలేదు.

ఇప్పుడు రెండో వైపు. పాలసీ ఉంటే చాలు, ఇక టెన్షన్ లేదు అనేవాళ్ళున్నారు. ఆ దెబ్బలు తిన్న మనిషి మంచం మీద కళ్ళు తెరిచాడనుకోండి. రెండు దేనారాలు ఎన్నాళ్ళొస్తాయి? అయిపోతాయి. అతనికి భరోసా ఆ నాణేలు కాదు, తిరిగి వస్తానన్న మనిషి. ఎఫెసీయులకు రాసిన ఉత్తరం 1:14లో పరిశుద్ధాత్మను సంచకరువు అన్నారు. చిన్నప్పటి నుంచి కంఠతా పట్టాం, అర్థం ఎవరూ చెప్పలేదు. సంచకరువు అంటే బయానా! ప్లాటు కొనేటప్పుడు ఇస్తాం చూడండి, అదే. బయానా ఇచ్చినవాడు మిగతాది కట్టడానికి వస్తాడు. నా మట్టుకు రక్షణ నిశ్చయత, అంటే దేవుడు నన్ను రక్షించాడన్న నమ్మకం, ఇదే. పాలసీ ఆ రెండు నాణేల వరకే. దాన్ని సమరయుణ్ణి చేయొద్దు.

సమరయుడు అతన్ని ఏ ఫారమూ నింపమనలేదు, నీకు ముందే ఏ జబ్బుందని అడగలేదు. అది కృప. కంపెనీ అడుగుతుంది, అడగాలి కూడా. అక్కడే నేను దెబ్బతిన్నాను.

అమ్మ మొదటి పాలసీకి ఏజెంట్ మా ఇంట్లోనే టీ తాగుతూ ఫారం నింపాడు. షుగర్ ఉందా అన్న గడి దగ్గర పెన్ను ఆపి, "ఉందంటే ప్రీమియం పెరుగుద్ది, లేదని పెడదాం" అన్నాడు. ఆ టీకి పాలు తీసిన ఫ్రిజ్ తలుపులోనే అమ్మ ఇన్సులిన్ పెన్ను ఉంది. నేను సంతకం పెట్టాను. రెండో ఏడు అమ్మ కాలికి పుండై హైదరాబాద్ తీసుకెళ్తే, పాత డిశ్చార్జ్ కాగితంలో పదేళ్ళుగా షుగర్ అన్న ఒక్క లైను చూపించి క్లెయిమ్ తిరగ్గొట్టారు. ఏజెంట్‌ను తిట్టాను, కంపెనీని తిట్టాను. క్లెయిమ్ పాస్ కావాలని ఉపవాస ప్రార్థన కూడా పెట్టించాను. అబద్ధం పాస్ కావాలని ప్రార్థన! సండే స్కూల్లో పిల్లలకు, అబద్ధమాడి ప్రాణాలు పోగొట్టుకున్న అననీయ, సప్పీరా పాఠం చెప్పేది నేనే.

ఉన్నది రాస్తే ఏమవుతుంది? ముందే ఉన్న జబ్బుకు ఆగాల్సిన కాలం 2024 నుంచి గరిష్ఠంగా 36 నెలలే. మూడేళ్ళు ఆగితే అమ్మ షుగర్‌కు కూడా కవర్ వచ్చేది.

టైం అయిపోతోంది, మిగతావి గబగబా చెప్తా. కొత్త పాలసీలో మామూలుగా మొదటి 30 రోజులు జబ్బులకు కవర్ ఉండదు, ప్రమాదాలకు ఉంటుంది. యెరికో దారిలో పడ్డవాడికి మొదటి రోజే దొరికేదన్నమాట. రూమ్ అద్దె చూసుకోండి: మూడు లక్షల పాలసీలో రోజుకు ఒక శాతం అని రాసుంటే 3,000. మీరు 6,000 రూమ్ తీసుకుంటే డాక్టర్ ఫీజు, ఆపరేషన్ ఖర్చు కూడా అదే లెక్కన సగమే ఇస్తారు. పాలసీ నచ్చకపోతే 30 రోజుల్లో వెనక్కి ఇవ్వొచ్చు. క్లెయిమ్ అన్యాయంగా ఆపితే ముందు కంపెనీకి ఫిర్యాదు రాయండి, వినకపోతే హైదరాబాద్‌లో పాలసీదారుల ఫిర్యాదులు వినే ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్ ఉన్నారు, ఫీజు లేదు. తెలంగాణలో ఆరోగ్యశ్రీ పరిమితి 2023 డిసెంబరు నుంచి 10 లక్షలు, అర్హత ఉంటే ముందు అది వాడండి. ప్రమాద బీమాకు బ్యాంకులో సురక్షా బీమా ఏడాదికి 20 రూపాయలు, 18 నుంచి 70 ఏళ్ళ వాళ్ళకు, రెండు లక్షలు. ఆదివారం ఆ అన్నకు కూడా ఇదే చెప్పాను. "20 రూపాయలేనా, అయితే అవిశ్వాసం తక్కువే" అన్నాడు.

ఇంకొక్కటి: సంతకానికి ముందు ఫారం అన్ని పేజీలూ ఫోటో తీసుకోండి, ఖాళీ గడి ఒక్కటి కూడా వదలొద్దు. అమ్మ పిలుస్తోంది, ఇంజెక్షన్ టైం. ఉంటాను, వందనాలు.