చెయ్యి వెచ్చగానే ఉంది కదక్కా

హోస్ట్: అందరికీ వందనాలు. ఈరోజు చిత్తూరులో అక్క వాళ్ళింట్లో కూర్చుని రికార్డ్ చేస్తున్నాం, రోడ్డు పక్కనే ఇల్లు కాబట్టి మధ్యలో హారన్లు వినబడతాయి. అక్క చాలా ఏండ్లుగా ఐసీయూ నర్సు. ఈరోజు మాట బ్రెయిన్ డెత్ గురించి, అంటే గుండె కొట్టుకుంటున్నా మెదడు పూర్తిగా చనిపోవడం. అక్కా, మీ చిన్నాయన సంగతి చెప్తానన్నారు కదా.

అక్క: చెప్తా తమ్ముడూ. మామిడికాయల సీజను అది. తోతాపురి లోడు ఫ్యాక్టరీలో దించేసి రాత్రి బండి మీద వస్తా ఉంటే యాక్సిడెంట్ అయింది, తలకు దెబ్బ, తిరుపతికి తీసకపోయినాం. రెండో రోజు లోపలికి పంపిస్తే చెయ్యి పట్టుకున్నా, వెచ్చగా ఉండాది, వేళ్ళ సందుల్లో మామిడి సొన మరకలు నల్లగా అట్లే ఉండాయి, ఛాతీ లేస్తా ఉంది దిగతా ఉంది. బయటికొస్తే వరండాలో ఒకాయన నిలబడుకోనే "బ్రెయిన్ డెత్ లాగుంది, అవయవాలు ఇచ్చేదుంటే తొందరగా చెప్పండి" అనేసి వెళ్ళిపోయినాడు. ఆ తీరు నాకిప్పటికీ మింగుడు పడదు. మా చిన్నమ్మ ఒకటే మాట, ఊపిరి ఆడతా ఉంటే చచ్చిపోయినాడంటారేంది అని.

హోస్ట్: చూసేవాళ్ళకి అట్లే అనిపిస్తుంది కదక్కా, చెయ్యి కూడా వెచ్చగా ఉంటే.

అక్క: అవును, నర్సునైన నాకే మనసు ఒప్పలేదు. కానీ ఆ ఊపిరి వెంటిలేటర్‌ది. గుండెకైతే దాని సొంత కరెంటు ఉంటుంది, ఆక్సిజన్ అందితే మెదడు చెప్పకపోయినా కొన్నాళ్ళు కొట్టుకుంటుంది, అందుకే ఒళ్ళు వెచ్చగా ఉండేది. ఊపిరి మాత్రం మెదడు అడుగున బ్రెయిన్ స్టెమ్ చెప్తేనే. అది పని చేస్తా ఉందా లేదా తేల్చేదానికి కంట్లో లైటు వేసి చూస్తారు, కనుగుడ్డుకు దూది తాకిస్తారు, చెవిలో చల్లనీళ్ళు పోస్తారు, చివర్లో వెంటిలేటర్ తీసి, ఆక్సిజన్ మాత్రం ఇస్తా, ఊపిరి సొంతంగా తీసుకుంటాడా అని చూస్తారు. రక్తంలో కార్బన్ డయాక్సైడ్ పెరిగే కొద్దీ బ్రెయిన్ స్టెమ్ బతికుంటే ఊరుకోదు, లాగు లాగు అని తోస్తుంది. ఛాతీ ఒక్కసారి కూడా కదల్లేదంటే అర్థమైపోయినట్టే. అది కూడా ఒకసారి చూసి వదిలేసేది కాదు, 1994 అవయవ మార్పిడి చట్టం ప్రకారం నలుగురు డాక్టర్లు, కనీసం ఆరు గంటల తేడాతో రెండుసార్లు చూడాల, అవయవ మార్పిడి చేసే టీమోళ్ళు ఆ నలుగురిలో ఉండకూడదు. ఈ చివరి రూలు చాలా ముఖ్యం తమ్ముడూ. చనిపోయినాడని చెప్పేవాళ్ళూ కిడ్నీ తీసుకునేవాళ్ళూ ఒకరే అయితే ఎవరు నమ్ముతారు? వరండాలో ఆయన ఈ రెండూ కలిపేసి చెప్పినందుకే మావాళ్ళు భయపడింది.

హోస్ట్: చర్చివాళ్ళు ఏమన్నారు? బైబిల్లో లాజరు చనిపోయిన నాలుగో రోజు లేచినాడు, ప్రార్థన ఆపితే అవిశ్వాసం అంటారు కదా కొందరు.

అక్క: అన్నారు. నేనప్పుడు ఏడస్తానే అడిగినా, లాజరు చనిపోయినాడు అని శిష్యులకు నేరుగా చెప్పింది ఎవరు, యేసుప్రభువే కదా అని. లాజరు సహోదరి మార్త కూడా వాసన కొడతా ఉంటుంది ప్రభువా అనింది. చావును చావు అని ఒప్పుకుంటే దేవుని శక్తి తగ్గిపోదు. వెంటిలేటర్లు కొత్తగా వచ్చిన రోజుల్లో, 1957లో, మత్తు డాక్టర్లే పోయి పోపు పన్నెండో పయస్‌ను ఇదే అడిగినారు. ఆశ లేనప్పుడు ఇట్లాంటి మిషన్లు పెట్టి తీరాలనే బాధ్యత లేదు, చావు ఎప్పుడొచ్చిందో తేల్చేది డాక్టర్ల పని అని ఆయన చెప్పినాడు. మనది సీఎస్ఐ చర్చి, పోపు మాట మనకెందుకు అంటారేమో, కానీ మాట న్యాయంగా ఉంది కదా.

హోస్ట్: ఇంకో భయం కూడా ఉంది అక్కా, పునరుత్థానం రోజుకి శరీరం మొత్తం ఉండాలి కదా అని.

అక్క: మా అవ్వ అదే అడిగింది. అవ్వ చెనిక్కాయలు వేసిన మనిషి. అవ్వా, విత్తనం వేసినాక పది రోజులకు తవ్వితే నువ్వేసిన పప్పు అట్లే ఉంటుందా అని అడిగినా. లేదు, వడిలిపోయి చెట్టుకు అంటుకోని ఉంటుంది అనింది. పౌలు కొరింథీయులకు రాసింది ఆ విత్తనం గురించే, ఈ ఒళ్ళు విత్తనం లాంటిది, లేచేది కొత్త ఒళ్ళు అని. మట్టిలో కలిసిన వాళ్ళను, కాలిపోయిన వాళ్ళను లేపే దేవుడు కిడ్నీ లేదని ఆగిపోతాడా? మనకు పక్కనే వేలూరు, దేశంలో మొదటిసారి కిడ్నీ మార్పిడి సక్సెస్ అయింది 1971లో అక్కడి క్రిస్టియన్ మెడికల్ కాలేజీ, సీఎంసీలోనే, ప్రార్థనతో రోజు మొదలుపెట్టే ఆసుపత్రి అది. అట్లని ఇచ్చి తీరాల అని ఎవరినీ తోయకూడదు, తోస్తే అది దానం కాదు.

హోస్ట్: మరి మీవాళ్ళు ఇచ్చినారా?

అక్క: కిడ్నీలు కుదర్లేదు. మాటల్లోనే రాత్రి గడిచిపోయింది, రెండో టెస్టు చేసే లోపలే తెల్లారుజామున గుండె ఆగిపోయింది. గుండె ఆగినాక కూడా కళ్ళు ఇచ్చేదానికి ఆరు గంటల టైముంటుందని నేనే చెప్పినా, చిన్నమ్మ సరే అనింది. కళ్ళు తీసుకునే టీము వచ్చే దాకా కళ్ళు ఆరిపోకూడదు, అందుకని రెప్పలు మూసి తడి దూది పెట్టి, తల కింద దిండు పెట్టి, ఫ్యాను ఆపేసినా. ఫ్యాను ఎందుకాపినావే, మీ చిన్నాయనకు ఉక్కపోస్తుంది అనింది చిన్నమ్మ. నాకు నోట మాట రాలేదు. కాసేపటికి తనే లేచి, దూది ఆరిపోయిందేమో అని తాకి చూసి, మళ్ళీ తడిపి పెట్టింది.